ఏడు గదులు, ఒక్క సోమవారం

నేను ఒక మందుల డబ్బాను. జానెడు పొడవుంటాను. వరసగా ఏడు గదులు, గదికో మూత, మూతకో ఇంగ్లీషు అక్షరం. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో, కరిగిన ప్లాస్టిక్కును అచ్చులోకి నొక్కితే పుట్టాను. మనుషులు ఏ రోజు ఏ మందు వేసుకోవాలో మరిచిపోతారని మమ్మల్ని తయారుచేశారు. తయారుచేసినవాళ్ళు మరిచిపోయిన సంగతి ఒకటుంది. చదువు రానివాళ్ళకు కూడా రోగాలొస్తాయి.

కరీంనగర్‌లో ఒక సర్జికల్ షాపు అద్దాల వెనక రెండేళ్ళు దుమ్ము పట్టి కూర్చున్నాక, నన్నూ నాలాంటి మరో తొమ్మిదింటినీ కొన్నది కొక్కుల జలజ. ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకల వార్డూ కీళ్ళవాతం వార్డూ ఉన్న మూడో అంతస్తులో ఆమె ఉద్యోగం. ఉద్యోగం పేరు క్లినికల్ ఫార్మసిస్టు. ఆ పేరు ఆసుపత్రిలో సగంమందికి నోరు తిరగదు, తక్కిన సగానికి అర్థం కాదు. సిస్టర్లు మందుల మేడం అనేవాళ్ళు. రోగులు ఆమెను కింది మందుల షాపులో పనిచేసే మనిషి అనుకునేవాళ్ళు.

ఆమె పొద్దున్నే మంచం మంచం తిరిగేది. డాక్టరు రాసిన చీటీని ఒక చేత్తో, రోగి ఇంటినుంచి తెచ్చుకున్న మందుల సంచిని మరో చేత్తో పట్టుకుని రెండూ కలిపి చూసేది. మోకీలు ఆపరేషనుకు వచ్చిన ఒక పెద్దమనిషి, గుండె కోసం రక్తం పలచబడే గోలీలు వేసుకుంటూ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బొడ్డు సంచిలో దాచుకున్నాడు. ఆపరేషనుకు ముందురోజు ఆ సంచి విప్పించింది జలజే. లేకపోతే కోత కోసిన చోట రక్తం ఆగేది కాదు. ఆయన బతికి ఇంటికి వెళ్ళాడు, సర్జనుకు దండం పెట్టాడు. జలజ పేరు అడగలేదు. జరగని చావును ఎవరూ చూడరు కదా, దానికి దండ వేసేవాళ్ళు ఎక్కడుంటారు?

నన్ను ఆమె ముత్తవ్వకు ఇచ్చింది.

ముత్తవ్వది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. యాభై దాటింది. పన్నెండో ఏటినుంచి బీడీలు చుట్టిన చేతులు. కీళ్ళవాతం వచ్చి ఆ వేళ్ళు కొంకర్లు తిరిగి, బీడీకి దారం చుట్టలేక, సొంత జాకెట్టు హుక్కు పెట్టుకోలేక ఆసుపత్రికి వచ్చింది. కీళ్ళ డాక్టరు మెథోట్రెక్సేట్ రాశాడు. మంచి మందే. కానీ దాని తీరు వేరు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే కీళ్ళను కాదు, మనిషినే తింటుంది.

జలజ ఆమె పక్కన మంచం మీదే కూర్చుంది.

"అవ్వా, నీకు ఎన్నడూ యాది మరవని వారం ఏది?"

"సోమారం బిడ్డా. కార్ఖానల బీడీలు అప్పజెప్పే దినం."

"అయితే సోమారమే. పొద్దుగాల తిన్నంక రెండు గోలీలు. మళ్ళ సోమారందాంక ముట్టద్దు."

అక్షరాలు రావని తెలిసి, తన బ్యాగులోంచి గోళ్ళరంగు తీసి నా సోమవారం మూత మీద ఎర్రగా పూసింది. ఆ గదిలో రెండు పచ్చటి గోలీలు వేసింది. తక్కిన ఆరు గదులూ ఖాళీగా ఉంచమని చెప్పింది. ముత్తవ్వ చేత మూడుసార్లు చెప్పించుకున్నాక గానీ లేవలేదు.

ఏడు నెలలు అలాగే గడిచాయి. ముత్తవ్వ ఇంట్లో గూట్లో నా చోటు. ముందు ఆమె వేళ్ళ వాపు తగ్గింది, తర్వాత పిడికిలి మూసుకుంది. ఒక సోమవారం ఆమె నా ఎర్ర మూత ఎవరి సాయమూ లేకుండా గోటితో తెరిచింది. తెరిచి, తన వేళ్ళకేసి చాలాసేపు చూసుకుంది. కొడుకు రాజలింగును పిలిచి "జూడురా" అంది. అతను ఆటో నడుపుతాడు, పదో తరగతి దాకా చదివాడు. చూసి, తల్లి చేతిని తన తల మీద పెట్టుకున్నాడు. నా జీవితంలో మంచిరోజు అదొక్కటే.

ఆ మధ్యలో ఆసుపత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. డాక్టర్లు రాస్తారు, సిస్టర్లు ఇస్తారు, నడుమ ఈ మేడం చేసేదేమిటని అడిగాడు. జలజను నేలమాళిగలో ఉన్న మందుల గోదాముకు మార్చాడు. ఏ పెట్టె వచ్చింది, ఏ పెట్టె పోయింది, ఏ మందుకు గడువు దాటింది, అదీ ఆమె కొత్త పని.

వానాకాలంలో ముత్తవ్వ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. రాజలింగు ఆటోలోనే అదే ఆసుపత్రికి తెచ్చాడు. బట్టల సంచిలో నేనూ వచ్చాను. ఆపరేషను బాగా జరిగింది. "మా మందుల బిడ్డ రాలే?" అని ముత్తవ్వ రెండుసార్లు అడిగింది. సిస్టర్లు కొత్తవాళ్ళు. ఎవరిని అడుగుతున్నదో వాళ్ళకు తెలియలేదు.

ఇంటికి పంపేరోజు, రెండు పూటలుగా నిద్రలేని ఒక కుర్ర డాక్టరు పాత చీటీలోని మందులన్నీ కొత్త కాగితంలోకి ఎక్కించాడు. నొప్పి గోలీ, రోజూ. కాల్షియం, రోజూ. మెథోట్రెక్సేట్, రోజూ. అతను చెడ్డవాడు కాదు. పైనుంచి కిందిదాకా ఒకే మాట రాసుకుంటూ పోయాడు, అంతే. ఆ కాగితాన్ని మరో కంటితో చూడాల్సిన మనిషి ఆ గంటలో నేలమాళిగలో పెట్టెలు చూస్తున్నది. కింది షాపువాడు కాగితంలో ఉన్నట్టే నెలకు సరిపడా ఇచ్చాడు.

ఇంటికి వచ్చిన సాయంత్రం రాజలింగు కాగితం ముందు పెట్టుకుని నన్ను నింపడానికి కూర్చున్నాడు. ఒక్కొక్క మూత తెరిచి, ఒక్కొక్క గదిలో రెండేసి పచ్చటి గోలీలు.

"అరే, గవి సోమారం ఒక్కనాడే కదరా," అంది ముత్తవ్వ మంచంలోంచి. "మందుల బిడ్డ జెప్పింది."

"అప్పుడు గట్ల జెప్పిందేమో. ఇప్పుడు ఆపరేషన్ అయ్యింది, పెద్ద డాక్టర్ దినాం అని రాసిండు. ఆమె షాపుల మందులిచ్చే ఆమె. ఎవల మాట ఇనాలె?"

ముత్తవ్వ సరేనన్నట్టు తలూపింది. చదువుకున్న కొడుకు, ఆసుపత్రి ముద్ర వేసిన కాగితం. నాకేమో ఏడు గదులు. ఏడు గదులున్న డబ్బాను చూస్తే ఏడూ నింపాలనే ఎవరికైనా తోస్తుంది. అతను శ్రద్ధగా నింపాడు. ఒక్క పూట తప్పించలేదు. తల్లి మీద అంత ప్రేమ లేకపోతే ఆమె బతికేదేమో.

ఎనిమిదో రోజుకు ముత్తవ్వ నోరంతా పుండ్లు. గంజి కూడా మింగలేకపోయింది. పదకొండో రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, చర్మం కింద నల్లటి మచ్చలతో ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసిన కీళ్ళ డాక్టరు ముఖం మారిపోయింది. మెథోట్రెక్సేట్ విషానికి విరుగుడు ఇంజక్షను కోసం గోదాముకు చీటీ పంపాడు. ఆ ఇంజక్షను ఆ అంతస్తుకు అడిగారంటే కారణం ఒక్కటే ఉంటుంది. చీటీ మీద ముత్తవ్వ పేరు చదివిన జలజ లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కి వచ్చి, సీసాలు సిస్టరు చేతిలో పెట్టి, సంచిలోంచి నన్ను తీసింది. ఒక్కొక్క మూత తెరిచింది. ఆ ఉదయం వాళ్ళు బయల్దేరేముందు రాజలింగు ఖాళీ అయిన గదులను మళ్ళీ నింపి తెచ్చాడు. ఏడు గదుల్లోనూ రెండేసి పచ్చటి గోలీలు.

ముత్తవ్వ ఆమెను గుర్తుపట్టింది. పుండ్ల నోటితో, "అచ్చినవా బిడ్డా," అంది.

నాలుగు రోజులు ఇంజక్షన్లు ఇచ్చారు, రక్తం ఎక్కించారు. ఐదో రోజు తెల్లవారేసరికి ముత్తవ్వ లేదు.

వారం తర్వాత ఆసుపత్రిలో విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల, ఒకవైపు మేనేజరూ డాక్టర్లూ, మరోవైపు గుండు చేయించుకున్న రాజలింగు. నడుమ నేను. మేనేజరు జలజ ముందు ఒక కాగితం పెట్టాడు. వారానికి ఒకసారే వేసుకోవాలని రోగికి వివరంగా చెప్పాననీ, ఇంటివాళ్ళే తప్పుగా వాడారనీ అందులో ఉంది. మొదటి సగం నిజమే. అందుకే అది అంత చెడ్డ కాగితం.

"నేనే నింపిన సార్," అన్నాడు రాజలింగు, ఎవరూ అడగకముందే. "అవ్వ అద్దన్నది. నేనే నింపిన. నేనే సంపుకున్న."

జలజ సంతకం పెట్టలేదు. ఆపరేషను తర్వాత ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీసి అతని ముందుకు జరిపింది.

"ఇందుల ఏం రాసుందో సదువు."

"దినాం ఒకసారి."

"నువ్వు రాసిందే చేసినవ్. తప్పు నీది కాదు. ఈ కాగితంల ఉన్నది. మాది."

"మేడం, మీరు మాట్లాడేది ఆసుపత్రి తరఫున..." అని మేనేజరు అందుకోబోయాడు. కీళ్ళ డాక్టరు చెయ్యెత్తి ఆపాడు.

రాజలింగు ఆ కాగితాన్ని మరోసారి చదివాడు. తర్వాత తలెత్తాడు. అందరూ అతను ఏడుస్తాడనుకున్నారు. అతను ఏడవలేదు.

"మరి ఆ నాడు మీరు ఏడికి వోయిండ్రు? అవ్వ మిమ్ముల అడిగింది. రెండుసార్లు అడిగింది."

జలజ నోరు తెరిచింది. కింద గోదాములో ఉన్నానని చెప్పొచ్చు. తనను పంపినవాళ్ళు ఆ బల్ల దగ్గరే కూర్చున్నారని చెప్పొచ్చు. "నేను ఆడ లేకుంటి," అని మాత్రం అంది. ఆ తర్వాత ఆమెకే ఏడుపు ఆగలేదు.

రెండు నెలలకు ఆమె కాంట్రాక్టు ముగిసింది. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ రాయలేదు. ఎక్కడో చిన్న ఊళ్ళో ఆసుపత్రిలో చేరిందని సిస్టర్లు చెప్పుకున్నారు. రాజలింగు నన్ను తిరిగి ఇమ్మని అడగలేదు. ఎందుకు అడుగుతాడు? విచారణ ముగిశాక ఎవరో నన్ను మూడో అంతస్తు సిస్టర్ల బల్ల సొరుగులో పడేశారు. ఏడాదికి పైగా అక్కడే ఉన్నాను.

ఇప్పుడు ఆ వార్డులో కొత్త పద్ధతి వచ్చింది. ఆ మందు నాలుగు వారాలకు మించి ఇవ్వరు. వేసుకోవాల్సిన రోజు పేరు కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇంటికి పంపేముందు ఇంకో మనిషి సరిచూసి సంతకం పెట్టాలి. నిన్న సొరుగులు శుభ్రం చేస్తూ కొత్తగా వచ్చిన సిస్టరు పెద్ద సిస్టరును అడిగింది.

"ఈ ఒక్క మందుకే ఇంత ఎందుకక్కా?"

"ఏమో. రూలు పైనుంచి అచ్చింది."

పైనుంచి కాదు, జలజను పంపిన నేలమాళిగలోని గోదాము నుంచి వచ్చింది, మెట్‌పల్లి దగ్గరి ఊళ్ళో ముత్తవ్వ కలిసిన మట్టిలోంచి వచ్చిందని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ పిల్ల నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, మూత ఒకటి విరిగిందని, కాల్చేసే చెత్త వేసే పసుపు సంచిలో వేసింది. బండి రేపు పొద్దున వస్తుంది.