బుట్ట దిగే దారి

భూమి అన్నిటినీ తనవైపు లాగుతుందని మా కోడలు శైలజ ట్యూషను పిల్లలకు చెబుతుంటే, పక్కన మల్లెలు కడుతూ విన్నాను. రాయినీ పువ్వునీ ఒకే తీరుగా లాగుతుందట. నాకు నమ్మకం కుదరలేదు. నా మోకాళ్ల సంగతి చూస్తే నన్ను మాత్రం కొంచెం ఎక్కువే లాగుతున్నట్టుంది. పైగా బరువున్న ప్రతిదీ ఇంకోదాన్ని లాగుతుందట. అంటే నేనూ ఇన్నేళ్లుగా భూమిని లాగుతున్నానన్నమాట. దానికి తెలిసినట్టు లేదు.

మేముండేది నగర్తపేటలో మూడో అంతస్తు. మెట్లు నలభై ఆరు. మోకాళ్లు పాడయ్యాక దిగడం మానేశాను. కింద పూలంగడి సరోజమ్మ విడిపూలు బుట్టలో పెడుతుంది. నేను తాడుతో పైకి లాగి, మాలలు కట్టి దించుతాను. మా ఆయన పోయినప్పటినుంచి నా పగళ్లన్నీ ఆ తాడుతో, సరోజమ్మ కేకలతో గడుస్తున్నాయి. బుట్ట దించేటప్పుడు భూమి సాయం చేస్తుంది. లాగేటప్పుడు అటు చేరి తానూ లాగుతుంది.

పోయిన సోమవారం సరోజమ్మ పెళ్లి పూలకు నీళ్లు చల్లి, బుట్ట రెండింతలు నింపింది. సగం లాగేసరికి నా చేతులు పడిపోయాయి. కాస్త ఊపిరి తీసుకుందామని తాడును బాల్కనీ గోడ మీదున్న రుబ్బురోలు పొత్రానికి చుట్టాను. అంత బరువైన రాయి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పోయింది. ముందు బుట్ట, వెనకే పొత్రం. పొత్రం కింద నిలిపిన మా ఇంటి ఓనరు మల్లికార్జున్ స్కూటరు సీటు మీద పడింది. దేవుడి దయ, ఆ సీటు మీద ఆయన లేడు.

"మనిషి మీద పడుంటే ఏంగతి? ఇంక పడేదానికి దారే లేకుండా చేస్తా" అన్నాడు. బాల్కనీలన్నిటికీ ఇనుప గ్రిల్లు వేయడానికి వెల్డింగు మస్తాన్‌ను పిలిపించాడు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ గ్రిల్లు పడితే బుట్టకు దారి ఉండదు.

"చాల్లే అత్తా, ఇప్పటికైనా రెస్టు తీసుకో" అంది శైలజ.

రెస్టంటే గోడ చూస్తూ కూర్చోవడం. అది నాకు చేతకాదు.

మస్తాన్ కొలతలకు వచ్చిన ఉదయం, గోడ పట్టుకుని మెట్లు దిగాను. అరగంట పట్టింది. దిగేటప్పుడు భూమి చేసే సాయం పూలబుట్టకే గాని ముసలి మోకాళ్లకు కాదు.

ఓనరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. "నేను కిందికి దిగలేనప్పా. బుట్ట పట్టేంత సందు వదిలిపెట్టు" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "దిగలేనిదానివి ఇక్కడెట్లా నిలబడి ఉండావమ్మా?"

సరోజమ్మ పడీపడీ నవ్వింది. "అయ్యో అక్కా, సాక్ష్యం నువ్వే మోసుకొస్తివే!"

తిరిగి ఎక్కుదామంటే మోకాలు వంగలేదు. మొదటి మెట్టు మీదే కూలబడి, సరోజమ్మ దగ్గర పూలు తీసుకుని అక్కడే కట్టడం మొదలుపెట్టాను. ఇరుకు మెట్లు. పైకి పోయేవాళ్లందరూ నన్ను దాటుకునే పోవాలి. ఓనరు రెండుసార్లు దాటాడు. మూడోసారి ఆగాడు.

"ఎంతసేపమ్మా ఇంక?"

"భూమి ఎప్పుడు వదిలితే అప్పుడప్పా."

చివరికి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. నన్నందులో కూర్చోబెట్టి, ఒక పక్క మస్తాన్, ఒక పక్క తాను పట్టుకున్నారు.

"జరగండప్పా, అమ్మవారు వస్తా ఉండాది!" అని కింద సరోజమ్మ కేక.

మొదటి అంతస్తులోనే ఓనరు చొక్కా తడిసిపోయింది. "ఎంత బరువుండావమ్మా నువ్వు?"

"పైకి పోయేకొద్దీ బరువు తగ్గుతుందంట. మా కోడలు చెప్పింది."

"మీ కోడల్ని ఒకసారి వచ్చి పట్టుకోమను."

రెండో అంతస్తులో కుర్చీ దించి గోడకు చేరగిలబడ్డాడు. చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, ఎక్కొచ్చిన మెట్లూ ఇంకా ఎక్కాల్సిన మెట్లూ చూశాడు.

"మస్తాన్," అన్నాడు కాసేపటికి, "ఈయమ్మ గ్రిల్లులో బుట్ట పట్టేంత చిన్న తలుపు పెట్టు. తాడు కట్టుకునేదానికి గట్టి కొక్కెం ఒకటి వెయ్యి. అక్కడ రాయి కనబడిందంటే మాత్రం తలుపు మూసేస్తా."

"సరేనప్పా" అన్నాను.

"ఇంకెన్ని మెట్లు?"

"పదహారు సార్" అన్నాడు మస్తాన్.

ఓనరు కళ్లు మూసుకుని ఒక్క నిట్టూర్పు విడిచి, వంగి కుర్చీ పట్టుకున్నాడు.