ఏడాదిగా విప్పని మడత

తూనీగ మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకుని పావుగంట దాటింది. బయట అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. మిషను ఆగిందంటే అమ్మ చెవులు పనిలోకి దిగినట్టే.

"లోపల కాపురం పెట్టావా ఏంటే?"

"వస్తున్నానమ్మా!"

నీళ్లలో ఎర్రటి జీర కనిపించింది. నాలుగు నెలలుగా ఇంతే. గబగబా రెండు చెంబులు కుమ్మరించి, ముఖం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చింది.

పన్నెండేళ్ల ఆ పిల్లకు తూనీగ అని పేరు పెట్టింది బడిలో డ్రిల్లు మాస్టారు. రెండు గీతల మధ్య, ఈల పడేలోగా అటూ ఇటూ పరిగెత్తే పోటీలో ఆమెను దాటినవాళ్లు లేరు. రేపు పొద్దున తొమ్మిదింటికి పెద్ద జట్టుకు ఎంపిక. "పరిగెత్తే ఒంటికి రోగం అంటుకోదే! అంటుకోబోయేసరికి మనం అవతలి గీత దగ్గరుంటాం" అని మాస్టారు నవ్విస్తుంటారు. తూనీగ ఆ మాట గట్టిగా నమ్మింది. గెలిచిన ప్రతిసారీ, ఇక తగ్గిపోయినట్టే అనుకునేది.

"ఇలా రా, నిక్కరు కొలత చూడాలి" అంది అమ్మ, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని.

అమ్మ దర్జీ. పిల్లల బట్టలకు అంచు లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంచడం ఆమె పద్ధతి. పిల్లలు ఎదిగేకొద్దీ విప్పుతూ పోతుంది. కూతురి బట్టలకు నడుము దగ్గర మాత్రం ఈ ఏడు రెండుసార్లు బిగించింది. బిగించిన ప్రతిసారీ "పరుగు మహిమ" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంది.

ఇవాళ పాత నిక్కరు తిరగేసి చూసి ఆగిపోయింది. మడత పోయినేడు ఎలా ఉందో అలాగే ఉంది. టేపు తీసి కూతురి కాలి పొడవు కొలిచింది. మళ్లీ కొలిచింది. గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"వీధిలో పిల్లలందరి మడతలూ విప్పాను. నీది మర్చిపోయాననుకున్నా. విప్పే అవసరమే రాలేదు కదే!"

"పరిగెడుతున్నా కదా, అందుకే."

"పరిగెడితే సన్నబడతారు. ఎదగడం ఆగదు. ఏం దాస్తున్నావ్?"

తూనీగ గోడకేసి చూసింది. కడుపులో మెలిపెట్టింది. నిలబడలేక బల్ల అంచు పట్టుకుంది.

"విరేచనంలో నెత్తురు పడుతోందమ్మా. రేపు పరిగెత్తొచ్చాక వెళ్దాం. నీ కాళ్లు పట్టుకుంటా."

అమ్మ అరవలేదు. పిల్లకి జబ్బు చేసింది, రేపు రాదని మాస్టారికి ఫోన్ చేసింది.

"ఆ పిల్లకి జబ్బేంటమ్మా! పరుగు కొలిచే నా వాచీ అబద్ధం చెప్పదు."

"మీ వాచీ మాట మీరు వినండి. నా టేపు మాట నేను వింటా."

మర్నాడు తొమ్మిదింటికి తూనీగ మైదానంలో లేదు, ఆసుపత్రి బల్ల మీద పడుకుని ఉంది. డాక్టరమ్మ పొట్ట నొక్కుతుంటే పళ్లు బిగబట్టింది.

"పేగుల్లో వాపు ఉందేమోనని నా అనుమానం. అదే అయితే ఏళ్ల తరబడి ఉండే జబ్బు. పరీక్షలు చేస్తేగానీ తేలదు."

"ఇంత చలాకీ పిల్లకా?" అంది అమ్మ.

"ఒళ్లు గట్టిగా ఉన్న పిల్లలకు ఇది వచ్చే ముప్పు కాస్త తక్కువేమో. అసలు రాదని మాత్రం కాదు. పరుగు వల్ల వచ్చింది కాదు. దమ్ముంది కాబట్టి నెట్టుకొచ్చింది, అందుకే ఎవరికీ తెలియలేదు."

"మళ్లీ పరిగెత్తొచ్చా?" అంది తూనీగ.

"జబ్బు అదుపులోకొస్తే నేనే పరిగెత్తమంటా. ఎప్పుడంటే ఇప్పుడు చెప్పలేను. నాకు అన్నీ తెలియాలి. ఇంకేమైనా దాచావా?"

తూనీగ అమ్మ వైపు చూడకుండా పైకప్పుకేసి చూసింది. చెబితే ఈ ఏడు పరుగు పోయినట్టే. అయినా చెప్పేసింది.

"పరుగు ఉన్న రోజు ఏమీ తినను. అన్నం డబ్బా బడిలోనే పారబోస్తా. సాయంత్రాలు జ్వరం వస్తుంది. నోట్లో పుళ్లు కూడా ఉన్నాయి."

అమ్మ కుర్చీలో కూలబడింది. డాక్టరమ్మ కలం అందుకుని, "మెల్లగా చెప్పమ్మా, మొదటి నుంచీ" అంది.