చనిపోయినవాళ్ల చీటీలో నికాండ్ర్

చనిపోయినవాళ్ల కోసం ఫాదర్ మెతోదీ చదువుతున్న చీటీల్లో, బతికే ఉన్నాడని రెండేళ్లుగా నమ్ముతున్న కొడుకు పేరు వినపడింది కిలీనాకు.

ఆవిడ చేతిలో తేనె కలిపిన గోధుమల గిన్నె ఉంది. మధ్యలో కొవ్వొత్తి గుచ్చి ఉంది. పోయినవాళ్ల జ్ఞాపకంగా చర్చికి తెచ్చే వంటకం. ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసం మొదలయ్యేలోపు వచ్చే మృతుల శనివారం అది. ఎవరింట్లో పోయినవాళ్ల పేర్లు వాళ్లు చీటీ మీద రాసి పళ్లెంలో వేస్తే, ఫాదర్ ఊరందరికీ వినపడేలా చదువుతాడు. బతికున్నవాళ్ల చీటీలు వేరు. వాటిని తెర వెనక, బలిపీఠం దగ్గర, తనలో తాను చదువుకుంటాడు.

ఆ రెండో రకం చీటీలో కిలీనా ప్రతి ఆదివారం మొట్టమొదట రాసే పేరు నికాండ్ర్. ఇప్పుడా పేరు మొదటి రకంలోకి వచ్చింది.

జనం వెళ్లిపోయేదాకా ఆగి, ఆవిడ పళ్లెంలోంచి ఆ చీటీ వెతికి తీసింది. క్యాలెండర్ నుంచి చించిన ముక్క. వెనకవైపు పెన్సిల్‌తో గీసిన శిలువ, కింద ఒకే ఒక్క పేరు. ఆవిడ ఇచ్చిన చీటీలో పదకొండు పేర్లున్నాయి, అవి నీలం సిరాతో రాసినవి.

ఎవరో పొరపాటు పడి ఉంటారన్నాడు ఫాదర్. ఆయన ముప్ఫై ఏళ్లవాడు, ఊరికి కొత్త.

"పొరపాటున ఇవాన్ అని రాస్తారు ఫాదర్‌గారూ, మరియా అని రాస్తారు. నికాండ్ర్ అని ఎవరు రాస్తారు?" అంది కిలీనా.

కొడుకుని ఊరంతా జోర్యాన్ అనే పిలిచేది. నలభై ఏళ్ల కిందట, కమ్యూనిస్టు పాలనలో, బిడ్డకి బాప్తిస్మం ఇప్పించారని తెలిస్తే ఉద్యోగం ఊడే రోజుల్లో, ఒక ముసలి ఫాదర్ దొంగచాటుగా వచ్చి తేనెపెట్టెల కొట్టంలో ఆ పని జరిపించాడు. జోర్యాన్ అనే పునీతుడెవరూ లేడని, ఆ రోజు పండుగ ఎవరిదో చూసి నికాండ్ర్ అని పెట్టాడు. ఆ కొట్టంలో ఉన్నవాళ్లలో ముసలి ఫాదర్, కిలీనా భర్త ఇప్పుడు సమాధుల్లో ఉన్నారు. మిగిలింది కిలీనా, బిడ్డని చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి పనాస్.

పనాస్ ఎదురింటాయనే. డెబ్భై దాటినా ఇంకా తేనెటీగలు పెంచుతున్నాడు. శత్రు సైనికులు ఊరిని నెల రోజులు పట్టుకుని కూర్చున్న రెండేళ్ల కిందటి మార్చిలో, బడి నేలమాళిగలో దాక్కున్న జనం కోసం నీళ్లు తేవడానికి వెళ్లిన జోర్యాన్ మళ్లీ రాలేదు. తొమ్మిదిమంది మగవాళ్లు అలాగే మాయమయ్యారు. ఖైదీల మార్పిడిలో ముగ్గురు తిరిగొచ్చారు. ఆ ముగ్గురిని చూసే కిలీనా ఆశ నిలబెట్టుకుంది. వాడు మొండిఘటం, వస్తాడు చెల్లెమ్మా అని పనాస్ ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

ఇదంతా విని, పోలీసులకి ఫోన్ చేద్దామన్నాడు ఫాదర్. కిలీనా ఒప్పుకోలేదు. పెన్సిల్ ముక్కతో రాసిన చీటీ సాక్ష్యం కాదు. వాడు పోయాడని ఎక్కడో విన్నానంటాడు పనాస్, నోరు మూసుకుంటాడు. అతను నోరు మూసుకుంటే కొడుకు ఎక్కడున్నాడో ఇక ఎప్పటికీ తెలియదు. ఆవిడకి కావలసింది అదొక్కటే. రేపు కాక పై ఆదివారం దాకా గడువు అడిగింది.

"తెలిశాక ఏం చేస్తావమ్మా?" అన్నాడు ఫాదర్.

"క్షమిస్తాను. బలిపీఠం ముందు నిలబడి చెబుతున్నాను, వెనక్కి తీసుకోను. కానీ దేన్ని క్షమిస్తున్నానో తెలియాలి కదా. తెలియకుండా చేస్తే అది క్షమించడం కాదు, మొహమాటం."

ఆ పై ఆదివారం క్షమాపణల ఆదివారం. ఆ రోజు ఊళ్లో ప్రతివాడూ ప్రతివాడి ముందూ వంగి, నన్ను క్షమించు అంటాడు. ఎదుటివాడు, దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను అనాలి. ఆ మాట అబద్ధంగా అన్నవాడికి నలభై రోజుల ఉపవాసమూ వృథా. పోయినేడు ఆ రోజు పనాస్ చర్చికి రాలేదు. తేనెటీగల పని ఉందన్నాడు. ఊరంతా మంచు కప్పి ఉన్నప్పుడు తేనెటీగలతో పనేమిటని కిలీనా అప్పుడు ఆలోచించలేదు. పైగా పాపం ఒంటరివాడని వంటకాలు పంపింది.

ఈ ఏడూ అతను రాలేదు. ప్రార్థన ముగియగానే కిలీనా జున్ను కూరిన కుడుములు గిన్నెలో పెట్టుకుని నేరుగా వీధి దాటింది. పనాస్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"మళ్లీ కుడుములా? నన్ను తిండి పెట్టే చంపేట్టున్నావు చెల్లెమ్మా," అన్నాడు.

"కట్టెలు కొట్టే ఓపికుంది, చర్చికి వచ్చే ఓపిక లేదా?"

మోకాలి నొప్పని ఏదో గొణిగాడు. ఆవిడ గిన్నె మొద్దు మీద పెట్టి, తడి నేల మీద మోకరిల్లి, నుదురు మట్టికి ఆనేదాకా వంగింది.

"ఎనిమిది రోజులుగా నిన్ను మనసులో తిట్టుకుంటున్నాను అన్నయ్యా. నువ్వు చచ్చిపోతే బాగుండుననుకున్నాను. నన్ను క్షమించు."

 ఆవిడ లేవలేదు. మోకాళ్ల కింద నీళ్లు ఊరుతున్నాయి. లేవమని బతిమాలాడు, కసిరాడు, ఎవరైనా చూస్తారన్నాడు. క్షమిస్తున్నానన్న ఆ ఒక్క మాట మాత్రం అనలేకపోయాడు. చివరికి ఆవిడే తలెత్తి, కోటు జేబులోంచి క్యాలెండర్ ముక్క తీసింది.

"నా మాట ఇచ్చేశాను. నిన్ను క్షమిస్తాను. దేనికో నువ్వు చెప్పు."

పనాస్ గొడ్డలి కింద పెట్టాడు. తనూ ఆవిడకెదురుగా మట్టిలో మోకరిల్లాడు.

"ఆ శనివారం నువ్వు మీ అక్క వాళ్ల ఊరు వెళ్తానన్నావు. బస్సు రాక నువ్వు ఊళ్లోనే ఉండిపోయావని చీటీ వేసేటప్పుడు నాకు తెలీదు. జోర్యాన్ అని రాస్తే ఊరంతా వింటుంది. ఇంకేదైనా పేరు రాస్తే దేవుడికి చేరదు. వాడు పోయి రెండేళ్లయినా, వాడి ఆరోగ్యం కోసమే ప్రార్థనలు జరుగుతున్నాయి. వాడి ఆత్మ కోసం అడిగే దిక్కు లేదు. జ్ఞానతండ్రిని, దేవుడి ముందు వాడికి పూచీ నేను, ఎన్నాళ్లని ఊరుకోను? నీళ్లకి వచ్చినవాణ్ని సైనికులు తరిమితే మా ఇంట్లో దూరాడు. మూడు రోజులు నేలమాళిగలో దాచాను. నాలుగో రోజు వాళ్లొచ్చి అప్పట్లో నా దగ్గరున్న మనవరాలు సొలొమియాని గోడకి నిలబెట్టారు. నేను ఒక్క మాటా అనలేదు చెల్లెమ్మా. తివాచీ వైపు వేలు చూపించాను. దాని కిందే నేలమాళిగ తలుపు. వాడు పైకొచ్చి నా మొహంలోకి చూశాడు, తిట్టలేదు. పెరటి వెనక కాల్చి, నాతోనే పూడ్పించారు. తూర్పుకి ముఖం పెట్టే పడుకోబెట్టాను. మీద మూడో తేనెపెట్టె జరిపాను. నీ కొడుకు అక్కడున్నాడు. వాడు వస్తాడని నీతో అన్న ప్రతిసారీ, రాడని నాకు తెలుసు. వాణ్ని పట్టిచ్చింది నేనే."