క్యాసెట్‌లో మిగిలిన డ్రమ్ము

బతుకమ్మ పాటలు నింపుకుంటానని పక్కింటి రాజక్క అడిగితే, తాహెరా బేగం ఖాళీ క్యాసెట్ అనుకుని ఇచ్చింది. మర్నాడు చూస్తే ఖాళీది అల్మారాలో అలాగే ఉంది. తాను ఇచ్చింది తమ్ముడు హైదర్ డ్రమ్ము వాయించిన రాక్ పాటలు. పదేళ్ల కింద కాజీపేట రైల్వే కుర్రాళ్లు చేసిన ఆల్బం అది. ఎవరూ కొనలేదు. మరుసటేడే హైదర్ కామెర్లతో పోయాడు. పాటలు చెరగకుండా క్యాసెట్ వెనక వైపుకొకటిగా ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టమని వాడు చెప్పినా, పాడవుతుందేమోనని ఆమె విరవలేదు.

రాజక్క ఇంటికి పరుగెత్తి టేప్‌రికార్డర్ నొక్కింది. చప్పట్లు, ఉయ్యాల పాట.

"అంత నింపినవా రాజక్కా?" అని అడిగింది.

"ఒక్క దిక్కే తాహెరా. రెండో దిక్కు తిప్పితే నీ తమ్ముని డప్పుల లొల్లి వచ్చింది. ఆపుదామనుకొని ఆఖరుదాక విన్న. అప్పట్ల మస్తు నవ్వినం గని, పోరడు మంచిగ కొట్టిండే."

తాహెరా క్యాసెట్ తిప్పింది. డ్రమ్ము మోగింది. పాట అయ్యేదాకా విన్నది.

"జర చాకు ఇయ్యి," అంది. తమ్ముడి పాటలు మిగిలిన వైపు ముక్కను విరిచేసింది.