నీళ్ళ అడుగున ఊడ్చిన చోటు

సోమవారం పొద్దున డయాలసిస్ కుర్చీలోంచి లేచి, "ఇంక రాను, మీ సూదులు మీరే దాచుకోండి" అని నర్సుకు చెప్పి వచ్చేశాడు మా ఆయన రాయిస్. ఇక బతికేది పది రోజులు, మహా అయితే రెండు వారాలు అన్నాడు డాక్టరు. కారులో నేను ఏడుస్తుంటే ఈయన, "ఇంటికెళ్ళగానే ఉప్పేసి బంగాళాదుంపలు ఉడకబెట్టు, వెన్న దండిగా వెయ్యి" అన్నాడు. మూత్రపిండాలకి పడదని మూడేళ్ళుగా దుంప ముట్టనివ్వలేదు ఆయన్ని. ఆ రోజు పన్నెండు తిన్నాడు.

తిన్నాక మూతి తుడుచుకుని, అసలు సంగతి చెప్పాడు.

"నాకు ఒక్క కంచు వీపు కావాలే ఆర్లీన్. చేతిలో పట్టుకుని వదిలేస్తాను. అంతే."

కంచు వీపు అంటే చిన్ననోటి బాస్ చేప. మా సెయింట్ లారెన్స్ నది మీద నలభై ఏళ్ళు బయటూళ్ళ వాళ్ళని పడవెక్కించుకుని ఆ చేపలు పట్టించడమే ఆయన వృత్తి. ఐదేళ్ళ కిందట చక్కెర జబ్బు కళ్ళు తినేసింది, తర్వాత మూత్రపిండాలు. కళ్ళు పోయిన రోజునుంచి పడవ నడిపేది నేను, నీళ్ళు చూసేదీ నేనే. మొదటి రోజే నాకో షరతు పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా మనసు కోసం నీళ్ళకి సున్నం కొట్టొద్దు." నాకు నోటి దురుసు ఎక్కువేగానీ, ఆ ఐదేళ్ళలో నీళ్ళ విషయంలో ఆయనతో ఒక్క అబద్ధమాడలేదు.

బయటూళ్ళ వాళ్ళు వందేసి రకాల ఎరలు పెట్టెల్లో సర్దుకుని వచ్చేవాళ్ళు, మిఠాయి కొట్టులా. ఈయన దగ్గర మూడంటే మూడు. ఒకటి, చివర పోగులు వేలాడే మెత్తని రబ్బరు గొట్టం, లోపల సీసం. దాన్ని రాళ్ళ మీద ఈడ్చాలి తప్ప ఎగరేయకూడదంటాడు. రెండోది, సాయంత్రం గాలి పడిపోయాక నీళ్ళ పైన బుడుంగుమనే కర్ర ముక్క. మూడోది జింక తోక వెంట్రుకలతో తనే కట్టుకునే నల్లెర. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు అదే ఆయన ప్రాణం. "దీంతో ఏం చెయ్యాలి రాయిస్?" అని అడిగితే, "ఏమీ చెయ్యకు. నీకు చేతకానిదల్లా అదొక్కటే" అనేవాడు. వేలి కొస గాలం తీగ మీద ఆనించి కూర్చుంటే చాలు, అడుగున ఆల్చిప్పలున్నాయో ఇసుకుందో గులకరాళ్ళున్నాయో చెప్పేసేవాడు. కళ్ళు పోయాక ఆ వేలు ఇంకా పదునెక్కింది.

ఆ సోమవారం మధ్యాహ్నం తడుముకుంటూ తడుముకుంటూ ఒక నల్లెర కట్టాడు. కాస్త వంకరగా వచ్చింది. చాలా బాగుందన్నాను. "నీళ్ళ విషయం కాదు కాబట్టి క్షమించాను" అన్నాడు.

ఆయనకి ఇంకో పట్టుదల ఉంది. గూటి మీదున్న చేపకి గాలం వెయ్యడు. వసంతం చివర్లో మగచేప లోతు తక్కువ చోట తోకతో అడుగంతా ఊడ్చి, బండిచక్రమంత మేర గులకరాళ్ళు కడిగినట్టు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి దాని దారిన అది పోతుంది. తండ్రి తిండి మానేసి కాపలా ఉంటుంది. చుట్టూ రాళ్ళ సందుల్లో గోబీలు కాచుకుని ఉంటాయి. వేలెడంత చేపలు, ఏనాడో ఓడల కడుపుల్లో సముద్రం దాటొచ్చి మా నది నిండా పరుచుకున్నాయి. తండ్రి రెండు నిమిషాలు పక్కకి పోతే గూడు ఖాళీ.

పక్క రేవు హోబర్టుకి ఇవేం పట్టవు. సీజను తెరిచిన పొద్దున్నే గూళ్ళ మీద పడతాడు. "పట్టి వదిలేస్తున్నాం కదయ్యా, చంపుతున్నామా?" అంటాడు. ఒకసారి రాయిస్ అన్నాడు, "నిన్ను మీ గుమ్మంలోంచి చెవి పట్టుకుని లాక్కుపోయి, మీ ఇంట్లోకి దొంగల్ని వదిలి, ఫొటో తీసుకుని మళ్ళీ తెచ్చి దింపుతాను. నాకు దండం పెడతావా?" ఇద్దరూ ఆ ఏడాదంతా మాట్లాడుకోలేదు.

ఈ ఏడు చలి వదల్లేదు. జూన్ మూడో వారం వచ్చినా మగచేపలు గూళ్ళు విడిచిపోలేదు. ఆడవి అలసిపోయి ఎక్కడో లోతున ముడుచుకుని ఉన్నాయి. ఇంకో పది రోజులాగితే నది నిండా ఆకలిగొన్న చేపలే. ఆ పది రోజులే మా దగ్గర లేవు.

మంగళవారం ఇరవై అడుగుల లోతులో గొట్టం ఈడ్చాం. ఒక్క తాకిడి లేదు. బుధవారం ద్వీపాల మధ్య తిరిగాం. గాలి మళ్ళీ మళ్ళీ పడవని తిప్పేసింది. ఒక పనికిమాలిన పైక్ చేప తీగ కొరికి పోయింది. ఆయన పాదాలు బూట్లలో పట్టకుండా ఉబ్బాయి. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. లోతు తక్కువ చోటికి వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు, "గూళ్ళున్నాయా?" "ఉన్నాయి" అనేదాన్ని. "అయితే పద, పోదాం" అనేవాడు. నాకు ఆయన మీద పిచ్చికోపం వచ్చింది. చచ్చిపోతున్న మనిషికి ఇంకా ఈ నీతులెందుకని.

గురువారం రేవు దాకా నడవలేకపోయాడు. హోబర్ట్ వచ్చి చంకల కింద చేతులేసి పడవలోకి దించాడు.

"తేలికైపోయావేంట్రా రాయిస్? అబద్ధాలన్నీ ఎక్కడ దించేశావ్?"

"నీ దగ్గరే వదిలేశాన్రా. నీ చేప బరువు చెప్పేటప్పుడు పనికొస్తాయి."

హోబర్ట్ నవ్వాడుగానీ ముఖం తిప్పేసుకున్నాడు. నాకు మాత్రమే వినపడేలా, "రేపటికి కూర్చోలేడు చెల్లెమ్మా" అన్నాడు. అది నాకూ తెలుసు.

పాత మంచు గిడ్డంగి దగ్గర కూలిన రేవు రాతిదిమ్మ ఒకటుంది. దాని పక్కన, ఆరడుగుల నీళ్ళలో, చూశాను. గుండ్రంగా తెల్లగా మెరుస్తున్న గులకరాళ్ళు. వాటి మీద ఒక కంచు వీపు, నా మోచేతి నుంచి వేలికొస దాకా పొడుగు, కదలకుండా నిలబడి ఉంది. ఇంజను ఆపాను.

"ఎక్కడే ఇది?"

"మంచు గిడ్డంగి దగ్గర. ఆరడుగులు. రాళ్ళు."

"గూళ్ళున్నాయా?"

"లేవు" అన్నాను.

ఒక్క మాట. ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

"పదకొండు గంటల వైపు, ముప్పై అడుగుల దూరం" అని గడియారం లెక్కన దిక్కు చెప్పాను. ఆయన వంకర ఎరని విసిరాడు. విసురు తప్పలేదు. ఎర గూటి అంచున దిగింది. వేలు తీగ మీద పెట్టి మెల్లగా ఈడ్చాడు. చేప ముందుకొచ్చింది, నోటితో ఎర ఎత్తింది, గూటి బయటకి మోసుకుపోయి ఉమ్మేసింది, వాకిట్లో చెత్త ఏరి అవతల పారేసినట్టు.

రాయిస్ కదల్లేదు. ఎక్కిళ్ళు కూడా ఆగాయి. మెల్లగా తీగ చుట్టేసి ఎరని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు.

"మళ్ళీ అక్కడికేనా?" అన్నాడు.

"అక్కడికే."

వేశాడు. ఈసారి చేప ఎత్తగానే గాలం కర్ర లాగాడు. కర్ర వంగి నీళ్ళని తాకింది. చేప రెండుసార్లు నీళ్ళ పైకెగిరి తల విదిల్చింది. ఎగిరిన చప్పుడు విని రాయిస్ నవ్వాడు. మూడేళ్ళ తర్వాత ఆ నవ్వు. నేను చేసింది మంచిపనేనని ఆ నవ్వు ఉన్నంతసేపూ గట్టిగా నమ్మాను.

వలతో ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. బొటనవేలు చేప నోట్లో పెట్టి దవడ పట్టుకున్నాడు. రెండో చేత్తో వీపు తడిమాడు, పక్కలు, పలచబడ్డ పొట్ట, తోక. తోక కింది అంచు దగ్గర వేలు ఆగిపోయింది. రోజుల తరబడి రాళ్ళు ఊడ్చి అక్కడ తోలు లేచిపోయి పచ్చిపుండుగా ఉంది.

"ఫొటో తీస్తానుండు."

"వద్దు" అంటూనే పడవ అంచు మీదుగా వంగి చేపని నీళ్ళలో పెట్టేశాడు.

నేను గూటివైపు చూశాను. రాళ్ళు కనపడటం లేదు. గోబీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తింటున్నాయి. తండ్రి వచ్చింది. అటొకదాన్ని, ఇటొకదాన్ని తరిమింది. ఒకటి పోతే నాలుగు దూరాయి.

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"గూటి మీద గోబీలు ఎన్నున్నాయే?"

"ఏ గూడు?"

"ఆర్లీన్."

"ఒక్కటి కూడా లేదు. వచ్చి కాపలా నిలబడ్డాడు. గుడ్లన్నీ ఉన్నాయి."

"ఊ" అన్నాడు. కాసేపయ్యాక, "మొదటిసారి ఉమ్మేసినప్పుడే తెలిసింది. తెలిసి మళ్ళీ వేశాను. దీన్ని నీ నెత్తిన పెట్టుకోకు" అన్నాడు. తర్వాత, "ఇంటికి పద."

ఇంకెప్పుడూ పడవెక్కలేదు. కిటికీ పక్క మంచం వేశాను. రోజూ పొద్దున ఒకటే మాట. "గూడు చూసి రావే." రోజూ తెడ్డేసుకుంటూ పోయేదాన్ని. శుక్రవారం తండ్రి ఉంది, కింద గుడ్లు లేవు. శనివారం తండ్రి కూడా లేదు. ఆదివారానికి గులకరాళ్ళ మీద గోధుమరంగు నాచు పట్టడం మొదలైంది. వచ్చి, "ఉన్నాడు, నిక్షేపంలా ఉన్నాడు" అని చెప్పేదాన్ని. "ఊ" అనేవాడు. ఆ "ఊ" వినడంకంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది.

మంగళవారం హోబర్ట్ కేకేశాడు. "చెల్లెమ్మా, ఓసారి ఇటు రా!"

వాళ్ళ రేవు పలకల కింద నీళ్ళలో నల్లని పొగ ముద్దలా ఒకటి కదులుతోంది. పిల్లలు. కనుబొమ్మ వెంట్రుకంతేసి, వేలకి వేలు, గూటి మీంచి అప్పుడే పైకి లేచాయి. పక్కనే తండ్రి, ఎముకల గూడులా.

"ఈ ఏడు దీనిమీద వెయ్యలేదమ్మా" అన్నాడు హోబర్ట్ సిగ్గుపడుతూ. "గాలం తీసుకుని వచ్చానా, రాయిస్ గాడెక్కడో నిలబడి నన్నే చూస్తున్నట్టనిపించింది. గుడ్డోడు చూడ్డమేంటో నా మొహం."

పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చాను. రాయిస్ ముఖం పసుపు తిరిగిపోయి ఉంది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పిల్లలు లేచాయి రాయిస్! వేలకి వేలు! నా కళ్ళారా చూశాను."

"మన గూటివా?"

ఇక అబద్ధం వద్దనుకున్నాను. "కాదు. మనది పోయింది. ఆ రోజే పోయింది, ఇన్ని రోజులూ నీకు అబద్ధం చెప్పాను. ఇది హోబర్ట్ రేవు కింద. నీ మీద గౌరవం కొద్దీ ఈ ఏడు గాలం వెయ్యలేదట."

ఆయన పెదాలు కాస్త సాగాయి.

"హోబర్ట్. గూటిని వదిలేశాడు." నా చెయ్యి వెతికి పట్టుకుని తట్టాడు. "కొంచెం నమ్మేలా చెప్పవే పిచ్చిదానా."

హోబర్ట్ కూడా వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని తల్లి మీద ఒట్టేశాడు. చేపల విషయంలో హోబర్ట్ మాట ఆయన ఏనాడు నమ్మాడు గనక! "సరేలేరా, మంచోడివి" అని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు నేను పాల సీసా పట్టుకుని రేవు కిందకి దిగాను. నడుము లోతు నీళ్ళలో, ఆ తండ్రి నా కాళ్ళని పొడుస్తుంటే, సీసా ముంచి నిండా పిల్లల్ని ఎత్తాను. తెచ్చి ఆయన చెయ్యి తీసుకుని, తీగ మీద ఆనించే ఆ వేలినే సీసాలోకి ముంచాను. వేలి చుట్టూ పిల్లలు నల్లగా మూగాయి. గోరుకి తగులుతున్నాయి, చర్మాన్ని పొడుస్తున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.

"తెలుస్తోందా?" అన్నాను. "రాయిస్, తెలుస్తోందా?"

చాలాసేపు అలాగే ఉంచాడు. నాకోసం నిజంగానే ప్రయత్నించాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయే" అన్నాడు. "బాగున్నాయి."

వేలు తుడిచి, చెయ్యి దుప్పటి కింద పెట్టి, సీసా పట్టుకుని మళ్ళీ రేవుకి వెళ్ళాను. తండ్రి ఇంకా అక్కడే తిరుగుతోంది.