ఎవరికి ఎవరు కావాలో

నవనీతది పుంగనూరు, జయచంద్రది మదనపల్లె. కుప్పంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఇద్దరూ కలిసి బస్సుల వేళలు చూపే ప్రోగ్రామును సి భాషలో రాశారు. ఊళ్ళ పేర్లు ఒక మామూలు ఫైలులో ఉంటాయి. వాటిని చదివి, ఆ పేర్లు కావాల్సిన ఫైళ్ళకు పనికొచ్చేలా ఒక హెడర్ ఫైలు తయారుచేసే చిన్న ప్రోగ్రాము నవనీతది.

2005 ఏప్రిల్లో, ప్రాజెక్టు చూపించడానికి ఒక రోజు ముందు, మధ్యాహ్నం ల్యాబులోని కొత్త కంప్యూటరులోకి, పాతదానిలో తాము రాసినవన్నీ ఎక్కించి, యంత్రం నడపగల రూపంలోకి మార్చడానికి జయచంద్ర కంపైల్ చేశాడు. హెడర్ లేదంటూ మొదట్లోనే ఆగిపోయింది.

"నిన్నటిదాకా బాగుండె. నువ్వేందో మార్చుండావు," అన్నాడు.

"నేను ముట్టనే లేదప్పా!"

"అయితే ఆర్డరు తప్పుండాది." ఫైళ్ళను ముందూ వెనకా చేసి ఎన్ని రకాలుగా ప్రయత్నించినా అదే మాట. విసుగెత్తి టీకి వెళ్ళిపోయాడు.

నవనీత కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఒక్కో ఫైలునూ విడిగా కంపైల్ చేసి చూసింది. చాలావాటికి వరసతో పనే లేదు, ఎప్పుడు చేసినా అయిపోతున్నాయి. హెడర్ అడిగే రెండే మొండికేస్తున్నాయి. అది తాము చేత్తో రాసింది కాదు, అందుకే ఇక్కడికి రాలేదు. ముందు తన చిన్న ప్రోగ్రాము కంపైలై, నడిచి, హెడర్ పుట్టాలి. ఆ తర్వాతే ఆ రెండూ. పాత కంప్యూటరులో ఎప్పటిదో హెడర్ పడి ఉంది కాబట్టే ఇన్నాళ్ళూ గడిచింది. ఆమె గతవారం ఊళ్ళ ఫైలులో చేర్చిన చౌడేపల్లె తెరమీద కనపడకపోవడానికి కారణం కూడా అదే!

ఆమె మేక్‌ఫైల్ రాయడం మొదలుపెట్టింది. జయచంద్ర రెండు టీలతో తిరిగొచ్చాడు.

"ఏందమ్మా ఇది?"

"ఎవరు ముందో మనం చెప్పబళ్ళేదప్పా. ఎవరికి ఎవరు కావాల్నో ఈ ఫైల్లో రాస్తే సాలు, దీన్ని సదివి ముందెనకలు మేక్ అనే ప్రోగ్రామే సూసుకుంటాది."

జయచంద్ర మేక్ అని కొట్టాడు. తెరమీద వరసలు జారిపోయి ప్రోగ్రాము తయారైంది. చౌడేపల్లె బస్సులు కనబడ్డాయి.

"ఊరికే నీమీద ఎగిరితి," అన్నాడతను మెల్లగా.

"టీ సల్లారిపోతాది, తాగు."

మరునాడు పరీక్షకొచ్చిన పెద్దాయన ఏ ఫైలు ముందు కంపైల్ చేస్తారని అడిగాడు. "అది నవనీత చెప్తాది సార్," అని జయచంద్ర పక్కకు జరిగాడు. ఏ ఫైలుకు ఏది కావాలో ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది. అంతా విని ఆయన, "తంబళ్లపల్లె చేర్చు చూద్దాం," అన్నాడు. ఆమె చేర్చి మేక్ కొట్టింది. హెడర్ కొత్తగా పుట్టింది, దాన్ని అడిగే రెండు ఫైళ్ళే మళ్ళీ కంపైలయ్యాయి. తక్కినవి కదల్లేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి, ఇద్దరినీ చూసి నవ్వాడు.