బాపు దూప

ఆలుగడ్డకు నోరు లేదు గదా, మరి నీళ్లెట్ల తాగుతది, తొక్క తీసి, నడుమ గుంత తొలిచి, అండ్ల చక్కెర పాకం పోసి, నీళ్ల గిన్నెల నిలవెట్టి, పాకం ఎందాక ఉన్నదో గుండుసూది గుచ్చి గుర్తు పెట్టుకోండ్రి అన్నడు లక్ష్మీరాజం సార్, సిరిసిల్ల నుంచి బదిలీ మీద కోరుట్లకు అచ్చిన సైన్సు సార్, దీన్ని ద్రవాభిసరణ అంటరు, పలుచటి దిక్కు నుంచి చిక్కటి దిక్కుకు నీళ్లు వాటంతటవే పోతయి, ఎవలు రమ్మనరు, ఎవలు ఆపరు అన్నడు, ఎందుకాపరు, నేను ఆపి రాలేదా అనుకున్నది నవనీత, బడి బట్టల జేబుల వంటింటి తాళంచెవి తొడకు గుచ్చుకుంటాంది, నీళ్లన్నీ ఆ వంటింట్లనే ఉన్నయి, బిందెలు, బకీటు, ఆఖరికి తానం చేసే చెంబు గూడ, బయటి అర్రల మంచం మీద బాపు ఒక్కడే, మస్కట్‌ల ఎండకు రోడ్లు పోసి పోసి, పని నడుమ నీళ్లకు పోతే మేస్త్రి తిడతడని దూప ఆపుకొని ఆపుకొని, రెండు కిడ్నీలు కరాబు చేసుకొని అచ్చిన భూమయ్య, ఇప్పుడు జగిత్యాల దవాఖానల రక్తం కడిగిస్తేనే బతుకుతాండు, రోజుకు రెండు గిలాసల నీళ్లే, మించితే ఊపిరితిత్తులల్ల నిండి పానం మీదికి అస్తది అని డాక్టరమ్మ అమ్మ దిక్కు కాదు, నవనీత మొఖం చూసుకుంట చెప్పింది, చదువుకునే పిల్లవు, నువ్వే చూసుకోవాలె అన్నది, గప్పటిసంది కొలత నవనీతదే, తాళం నవనీతదే.

పక్క గిన్నెల ఉప్పునీళ్లు, అండ్ల ఏసిన ఆలుగడ్డ ముక్క మెత్తవడ్డది, వేలుతోని వంచితే వంగింది, మనిషి గూడ గిట్లనే వంగుతడు, పొద్దున బాపు వంగిండు, అమ్మ పసుపు తవ్వే కూలికి మొఖం కడుక్కోంగనే పోయింది, నవనీత జడ అల్లుకుంటాంటే, బిడ్డా, నాలికె అంగిట్లకు అతుకుతాంది, ఒక్క గుక్క పొయ్యవా అన్నడు, పొద్దటిది తాగినవు గదా బాపు అన్నది, సగమే పోసినవు బిడ్డా అన్నడు, నిజమే, సగమే పోసింది, డాక్టరమ్మ సగం పొయ్యమని చెప్పలే, అమ్మ చెప్పలే, చెయ్యే ఆగింది, ఎందుకాగింది, బాపు మస్కట్‌ల ఉన్నప్పుడు శుక్రవారం శుక్రవారం ఫోన్ల అడిగేది, బాపూ ఎప్పుడస్తవు అని, అచ్చే ఏడు అస్త బిడ్డా, తేలు కుట్టి కాలు బొబ్బలెక్కినప్పుడు గూడ ఫోన్లనే, ఊకో బిడ్డా, అచ్చే ఏడు అస్త, పెద్దమనిషైన ఫంక్షన్ నాడు చీర కట్టుకొని ఫోను ముందట నిలవడితే, పని ఉన్నది మళ్ల చేస్త అని పెట్టేసిండు, మళ్ల చెయ్యలే, గదే గొంతు, గదే మెత్తటి గొంతు ఇయ్యాల నవనీత నోట్లె నుంచి అచ్చింది, రేపు పోస్త బాపు, ఇయ్యాల్టికి ఊకో అన్నది, నీ కాళ్లు మొక్కుత బిడ్డా అని బాపు మంచం దిగి, ఉబ్బిన చేతులతోని నిజంగనే పాదాలు పట్టుకున్నడు, కన్నతండ్రి బిడ్డ కాళ్లు పట్టుకుంటే పాపం తలుగుతదంటరు, ఎనుకకు జరగాలె, జరగలే, గట్లనే నిలవడ్డది, పానానికి సల్లగ అనిపిచ్చింది, నువ్వు నా బిడ్డవేనా అన్నడు బాపు, ఏమో, నన్ను పెంచినప్పుడు నువ్వు లేవు గదా అన్నది, జేబుల తాళంచెవి ఏసుకొని బడికి నడిచింది.

సూడుండ్రి సూడుండ్రి, పాకం సూది దాటి పైకి అచ్చింది అన్నడు సార్, పిల్లలందరు మెడలు చాపిండ్రు, ఒక్క బెంచి మీద కూసునే నీల చెవుల గుసగుస పెట్టింది, ఏమే, ఇది గూడ మీ బాపు లెక్కనే ఉబ్బింది గదనే అని, నవనీతకు కోపం రావాలె, రాలే, నవ్వచ్చింది, నీలకన్న గట్టిగ నవ్వింది, నవ్వుతోని ఆగలే, బుగ్గలు ఊపుకొని, చేతులు దూరం పెట్టి, బాపు మంచం దిగి గోడ పట్టుకొని ఎట్ల నడుస్తడో నడిచి సూపెట్టింది, బిడ్డా ఒక్క గుక్క అని బొంగురు గొంతు తీసింది, ఎనుక బెంచిలోళ్లు కడుపు పట్టుకొని నవ్విండ్రు, ఎవల్నే యాక్షన్ చేస్తున్నవు అని సార్ అరిచిండు, ఎవల్ని కాదు సార్ అన్నది నవనీత, గా అబద్ధం గూడ తడుముకోకుంట అల్కగనే అచ్చింది.

గా నవ్వు ఇంకా ఆగకముందే దర్వాజకాడ మొగిలవ్వ నిలవడ్డది, పక్కింటి ముసలామె, కాళ్లకు చెప్పులు లేవు, కొంగు మట్టిల ఈడ్సుకపోతాంది, ఓ నవనీతా, మీ బాపుకు ఊపిరి అందుతలేదు, అరుగు మీద తునికాకు నానేసిన టబ్బు ఉండె గదనే, ఆకులు అవతలికి నూకి, గొడ్డు లెక్క మూతి పెట్టి గా నీళ్లన్నీ తాగిండు, నేను అచ్చి చూసేసరికి టబ్బు అడుగు కనవడ్డది, 108 బండికి ఫోన్ చేయిపిచ్చిన, ఉరుకు బిడ్డా అన్నది, తునికాకు, అవును, అమ్మ కూలి నుంచి అచ్చినంక బీడీలు చేస్తది, సాయంత్రం కత్తిరిచ్చేతందుకు పొద్దుగాలనే ఆకు నానేసి పోతది, నవనీత ఉరికింది, ఎనుక నుంచి సార్ ఏదో అన్నడు, నీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది, ఉరుకుతాంటే జేబుల తాళంచెవి ఎగిరెగిరి పడ్డది, ఇగ దానితోని ఏం పని అనిపిచ్చింది.

బండి కోరుట్ల దాటింది, పసుపు చేను నుంచి అట్లనే అచ్చిన అమ్మ, చేతులు పచ్చగ, ఆ పచ్చటి చేతులతోని బాపు ఛాతి రాస్తాంది, మొగుడు అంటె గోడ మీది ఫోటువ, ఫోన్ల గొంతు, గీ మంచం, అంతే చూసింది అమ్మ, అయినా ఎట్ల ఏడుస్తాందో, బాపు మూతి మీద తునికాకు తునకొకటి అంటుకున్నది, మూతికి పెట్టిన గాలి గొట్టం పక్కకు జరుపుకొని నవనీతను చూసిండు, తిట్టలే, సల్లగున్నయి బిడ్డా అన్నడు, కడుపు నిండింది అన్నడు, గట్ల నవ్విన మొఖం నవనీత ఎన్నడు చూడలే, ఫోన్ల గూడ చూడలే, మేడిపల్లి దాటంగ గొంతుల గురగుర మొదలైంది, జగిత్యాల రాకముందే ఆగింది, బండిల పిలగాడు ఛాతి మీద నొక్కి నొక్కి, ఇగ లాభం లేదమ్మా అన్నడు.

నేనే సంపిన అనుకుంట అమ్మ నెత్తి కొట్టుకుంటాంది, నా చేతులతోని నేనే టబ్బు అరుగు మీద పెట్టి పోతిని, నీళ్లన్నీ లోపల పెట్టాలెనని నా బిడ్డ గింత జాగర్త చేస్తాంటే నేనే సంపిన, నవనీత కండ్లకు పొద్దటి అరుగు అచ్చింది, వంటింటికి తాళమేసి బయటికి అడుగు పెట్టంగ ఆ టబ్బు కనవడ్డది, నీళ్లు ఎర్రగ, ఆకు కట్టలు తేలుకుంట, లోపల పెట్టాలెనని వంగింది, చెయ్యి అంచుకు తాకింది గూడ, గా మురికినీళ్లు ఎవలు తాగుతరు అనుకున్నదా, లేదు, గట్లనుకోలే, తాగితే తాగనీ అనుకున్నది, రేపటిసంది అడుగుడుండది అనుకున్నది, చెయ్యి ఎనుకకు తీసుకున్నది, అమ్మా నేను చూసిన, గంతే, గా మాట అంటె అమ్మ నెత్తి కొట్టుకునుడు ఆపుతది, నోటిదాక అచ్చింది, అమ్మ తల నవనీత ఒడిల పడ్డది, నవనీత అమ్మ వీపు నిమిరింది, ఊకో అమ్మా, తెల్వక పెట్టినవు తియ్యి అన్నది, మెత్తగ, నిదానంగ, ఆ గొంతు తనే ఇనుకున్నది, గప్పుడు సమజైంది, ఇది తను ఎన్నడు చెప్పది, గీ పాపం బతికినన్ని దినాలు అమ్మనే మోస్తది.